ఏ ప్రవర్తనకైనా సరిపోయే సిద్ధాంతాన్ని పరీక్షించడం ఎలా?

ప్రశ్న:
మనస్తత్వవేత్త థార్న్‌డైక్ ఫలిత నియమం చదివినప్పటి నుంచి ఒక సందేహం వదలడం లేదు. సంతృప్తినిచ్చే ఫలితం దక్కిన పనిని జీవి మళ్లీ చేస్తుందని ఆ నియమం చెబుతుంది. ఆ ఫలితం సంతృప్తినిచ్చిందని ఎలా తెలిసిందని అడిగితే, ఆ పనిని మళ్లీ చేసింది కాబట్టి అనే సమాధానం వస్తుంది. ఇలా తిరిగి మొదటికే వచ్చే మాటను శాస్త్రీయ సిద్ధాంతం అనవచ్చా? ఎలాంటి ప్రవర్తన ఎదురైనా ‘దాని వెనుక ఏదో ప్రతిఫలం ఉండే ఉంటుంది’ అనేస్తే, అది తప్పని తేలే మార్గమేది? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
మీ అభ్యంతరం పాతదే అయినా చాలా బలమైనది. జీవి తప్పించుకోవాలని చూడని స్థితి, తరచుగా తానే కోరి తెచ్చుకునే స్థితి సంతృప్తికరమైనదని థార్న్‌డైక్ విడిగా నిర్వచించే ప్రయత్నం చేశారు. అంతకన్నా పదునైన మార్గాన్ని 1950లో మనస్తత్వవేత్త పాల్ మీల్ చూపించారు. ఒక సందర్భంలో పునర్బలనంగా, అంటే ఒక పనిని మళ్లీ మళ్లీ చేయించే ప్రతిఫలంగా, పనిచేసిన వస్తువు వేరే సందర్భంలో, వేరే పనికి కూడా పునర్బలనం కావాలన్నది ఆయన వాదన. మీట నొక్కడం నేర్పిన ఆహారపు గుళికే అదే ఎలుకకు చిక్కుదారిలో కుడివైపు తిరగడం కూడా నేర్పాలి. నేర్పకపోతే సిద్ధాంతం ఓడినట్టే. ఫలితం చూశాక చెప్పే వివరణ, చూడకముందే ఒప్పుకున్న పందెంగా మారేది ఇక్కడే. ఏ సిద్ధాంతాన్నైనా నేను ముందు ఇక్కడే పరిశీలిస్తాను.

రెండవ జవాబు:
ఆ పందెం ఎలా నడిచిందో కూడా చెప్పుకోవాలి. మనస్తత్వవేత్త డేవిడ్ ప్రీమాక్ 1962లో ఎలుకలకు నీటిగొట్టాన్నీ, పరుగెత్తే చక్రాన్నీ ఇచ్చి ప్రయోగం చేశారు. నీరు కొరతగా, చక్రం స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఎలుకలు నీటి కోసం పరుగెత్తాయి. పరిస్థితిని తిరగేసి, నీటిని స్వేచ్ఛగా వదిలి, చక్రాన్ని బిగించి, నీరు తాగితేనే అది తిరిగేలా చేస్తే, దాహం లేని ఎలుకలు పరుగు కోసం ఎక్కువ నీరు తాగాయి. అంటే పునర్బలనం వస్తువుకు అంటుకుని ఉండే గుణం కాదు, రెండు పనుల మధ్య ఉండే సంబంధం. మీల్ ప్రతిపాదన ఇక్కడ దెబ్బతింది. అయినా అది అంత స్పష్టంగా మాట్లాడింది కాబట్టే ఎక్కడ తప్పిందో తెలిసింది.

ప్రశ్న వేసినవారు:
కృతజ్ఞతలు. అయితే ఫలిత నియమం కొట్టివేయబడినట్టేనా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
లేదండీ, సవరించబడింది. స్వేచ్ఛగా వదిలేస్తే ఎక్కువగా చేసే పని, తక్కువగా చేసే పనికి పునర్బలనం అవుతుందని ప్రీమాక్ అన్నారు. టింబర్‌లేక్, ఆలిసన్ అనే పరిశోధకులు 1974లో దాన్ని ఇంకా సవరించారు: జీవి సహజంగా చేసే స్థాయి కంటే తగ్గించి అడ్డుకుంటే, తక్కువగా చేసే పని కూడా పునర్బలనం కాగలదు. ఆ సహజ స్థాయిని ప్రయోగానికి ముందే కొలవాలి కాబట్టి మీరు చెప్పిన వలయం తెగిపోతుంది. ఇక సవరణలన్నీ మేలైనవేమీ కావు. ఎదురైన వ్యతిరేక ఫలితాన్ని సర్దుబాటు చేసుకోవడానికే అతికించినదీ, ఎవరూ ఊహించని కొత్త ఫలితాన్ని ముందుగా చెప్పగలిగినదీ ఒకటి కావు. 1974 నాటి సవరణ రెండో కోవకు చెందినది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఒక్క మాట చేరుస్తాను. ముందుగా చెప్పిన ఫలితం ఒకసారి వస్తే చాలదు. మనస్తత్వశాస్త్రంలో 100 అధ్యయనాలను తిరిగి చేసి 2015లో ప్రకటించినప్పుడు, గణాంకపరంగా సార్థకమైన (కేవలం యాదృచ్ఛికమని సులభంగా కొట్టివేయలేని) ఫలితం సుమారు 36 శాతంలోనే మళ్లీ కనిపించింది. అందువల్ల సిద్ధాంతం గురించి వాదించేముందు, అది వివరించదలచిన ఫలితం వేరేవారి చేతుల్లోనూ నిలుస్తుందో లేదో చూడండి.