సమస్య: “చేతఁ గాసు లేమి శ్రేయ మొసఁగె” – పూరణలు, పోట్లాటలు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, అంటే మీరు ఆటవెలది (నాలుగు పాదాల చిన్న పద్యం) కట్టి చివర ఇమడ్చాల్సిన పాదం, ఇదీ: “చేత కాసు లేమి శ్రేయ మొసగె”. వస్తువు: ఆప్తమిత్రుని పెండ్లి పిలుపు వచ్చింది, ఇంట్లో చిక్కులు, చేతిలో ఏమీ లేదు. మూడూ పద్యంలో ఇమడకపోయినా ఒకదాని వాసనైనా తగలాలి. “కలిమి మిథ్య, లేమి ముక్తి” తరహా వేదాంతం వద్దు, అలాంటివి గంటకు పది అల్లొచ్చు. గడువు ఆదివారం రాత్రి.

అరసున్న:
పూరణలకంటె ముందు పాదాన్నే దిద్దాలి. ‘చేతన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) కదా, మీద పరుషం (క, చ, ట, త, ప) ఉంటే సరళం (గ, జ, డ, ద, బ) కావాలి: చేతఁ గాసు. చివర ‘ఒసఁగె’. సమస్య ఇచ్చేవారే అరసున్న (ఁ) మింగేస్తే పూరించేవారు ఏం మింగాలి?

నిర్వాహకుడు:
మింగిన రెండు సున్నలూ శీర్షికలో కక్కేశాను. ఇక పద్యాలు రానివ్వండి.

కొత్తకలం:
మొదటి ప్రయత్నం. పెద్దలు మన్నించాలి.

మిత్రు పెండ్లి వేళ మేనితో శ్రమియించి
పనులు చక్కఁబెట్టి భార మాపె
కాను కీయలేక కలత చెందఁగ నేల
చేతఁ గాసు లేమి శ్రేయ మొసఁగె

ఒక సందేహం. చివరి పాదంలో సంయుక్తాక్షరం ‘శ్రే’ ముందున్న ‘మి’ లఘువు (పొట్టి అక్షరం) కాక గురువు (పొడుగు అక్షరం) అయిపోదా?

అరసున్న:
కాదు నాయనా. లేమి వేరు, శ్రేయము వేరు. సమాసం కానప్పుడు తెలుగు మాట చివరి అక్షరాన్ని పక్కమాట సంయుక్తం ఊది గురువు చేయదు. ‘మి’ లఘువే, నిర్భయంగా ఉండు.

గురులఘువు:
గణాలు (గురులఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన మైత్రి) శుభ్రంగా ఉన్నాయి, తొలిపద్యానికి అది చాలా పెద్ద సంగతి. కానీ ‘మేనితో శ్రమియించి’ ఏమిటి? శ్రమించేది మేనితో కాక గొడుగుతోనా? యతి కోసం తెచ్చిన ‘మేను’ అది. పైగా మాపినవాడెవడో పద్యంలో లేడు, కర్త లేకుండానే పెండ్లి జరిగిపోయింది. కిట్టింపు (ఛందస్సు కోసం మాట అతికించడం) కనబడకూడదు బాబూ, కనబడినా ఒక్కచోటే కనబడాలి.

వడ్డీలెక్క:
నా ఫిర్యాదు వేరు. ‘పనులు’ అన్నమాట మరీ గాలిమాట. డబ్బుకు బదులు పని ఇస్తానన్నవాడు ఏ పనో చెప్పాలి, అదీ మిత్రునికి నిజంగా ఖర్చు తగ్గించేది కావాలి. వస్తామన్నవారి లెక్క తేల్చడం ఒకటి: పిలిచినవారిలో ఎందరు వస్తారో పది రోజుల ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రాసుకుంటే తలకింత చొప్పున పెట్టే ఖర్చంతా తగ్గుతుంది. బయానా ఎవరికెంత ఇచ్చారో, ఇంకా ఎంత ఇవ్వాలో ఒకే పుస్తకంలో రాయడం ఇంకొకటి. పెండ్లి రోజున ముగ్గురు మూడు జేబుల్లోంచి చెల్లిస్తే ఒకడికే రెండుసార్లు ముడుతుంది, తెలిసేది వారం తరువాత. ముసలివారిని తెచ్చి దింపే బండ్ల వేళలు చూసుకోవడం మూడోది. కుర్చీలు సర్దితే భారం మాయదు, దానికి కూలివాళ్ళు ఎటూ ఉంటారు.

కొత్తకలం:
ఇవన్నీ ఆటవెలదిలో పట్టవు కదండీ!

వడ్డీలెక్క:
ఒక్కటి పట్టినా చాలు. ‘పనులు’ తీసి ‘లెక్క’ పెట్టి చూడు.

యతిమైత్రి:
లేమిని అందరూ లేమిగానే చదువుతున్నారు. ఇటు చూడండి:

తల్లి మంచమందు తల్లడిల్లుచు నుండ
వెడలె హితుని పెండ్లి వేడ్కఁ జూడ
మందు వేళ కిచ్చు మనిషి లేఁ డింటిలో
చేతఁ గాసులేమి శ్రేయ మొసఁగె?

కాసులు + ఏమి. ఇక నాకు మాటలక్కరలేదు.

మౌనముద్ర:
వారెవ్వా! ఒక్క అక్షరం కదపకుండా సమస్య నడుం విరిచారు. లేమి ఎగిరిపోయింది, కాసులు వచ్చి కూర్చున్నాయి, చివర ప్రశ్నార్థకం తప్ప కొత్త సరుకే లేదు. అక్కయ్యా, ఈ వారం తలుపు మూసేయవచ్చు.

గురులఘువు:
తలుపు అప్పుడే మూయకండి. విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ‘కాసులు’ బహువచనం, క్రియ ‘ఒసఁగె’. పొసగిందా?

అరసున్న:
పొసగింది. వస్తువులవంటి అమహత్తుకు ఏకవచనమైనా బహువచనమైనా క్రియ చివర ‘ఎను’ ఒకటే: అది వచ్చెను, అవి వచ్చెను. గురులఘువు మాస్టారికి తెలియక కాదు, యతిమైత్రి గారి పద్యం కనబడగానే చెయ్యి దురద.

వడ్డీలెక్క:
వ్యాకరణం సరే, మూడో పాదంలో ఉన్న లోకజ్ఞానం చూడండి. ఈ కొడుకు డబ్బు పెట్టాడు, మనిషిని పెట్టలేదు. రోగి ఉన్న ఇంటినుంచి పెండ్లికి వెళ్ళడం తప్పేమీ కాదు, ఒకరిని కూర్చోబెట్టకుండా వెళ్ళడమే తప్పు. కూర్చునేవారికి ఏ మందు, ఏ వేళకు, తిన్నాకా తినకముందా అన్నది నోటితో చెబితే చాలదు, కాగితం మీద ఉండాలి. ఒక వేళ తప్పితే రెండు మోతాదులు కలిపి వేయకూడదని కూడా అందులోనే రాయాలి, కంగారులో జరిగేది అదే. మందులు తిరిగివచ్చే రోజుకు సరిపడా కాక రెండు రోజులకు ఎక్కువే ఉంచాలి, దారిలో ఆలస్యాలు చెప్పి రావు. వైద్యుని నంబరు గోడమీద ఉండాలి కానీ వెళ్ళినవాడి ఫోన్‌లో ఉంటే ఎవరికి ఉపయోగం? అంత సంగతిని ‘మందు వేళ కిచ్చు మనిషి’ అని మూడున్నర మాటల్లో పట్టారు. విరుపుకు వేసిన చప్పట్లు నేను ఈ పాదానికి వేస్తున్నాను.

యతిమైత్రి:
వడ్డీలెక్క గారూ, ఇన్నాళ్ళకు ఒక విమర్శకుడు మూడో పాదం దాకా చదివాడు. సంతోషం.

వడ్డీలెక్క:
మరి నా వంతు.

వడ్డి కప్పు తెచ్చి వరునకుఁ గాన్కిచ్చి
నెలలు పదియుఁ గట్టి నీరసించు
అప్పు పుట్టనపుడు ఆనందమే గదా
చేతఁ గాసు లేమి శ్రేయ మొసఁగె

అరసున్న:
రెండో పాదం చివర ‘నీరసించు’, వెంటనే ‘అప్పు’: సంధి లేదు. మూడో పాదంలో ‘అపుడు ఆనందమే’: అక్కడా లేదు. సంధి చేస్తే ‘అపుడానందమే’ అయి గణం కూలుతుంది. లెక్కల మనిషికి విసంధి రెండుసార్లు! ఇలా చేస్తే సరి:

నెలలు పదియుఁ గట్టి నీరసించు
నప్పు పుట్టకున్న నది మేలె కాదొకో

గురులఘువు:
సరిచేసిన పాదం అసలుకంటె బాగుంది. ‘నప్పు’ – ‘నది’, నకారాలుగా చూసినా అచ్చులుగా చూసినా మైత్రి నిలుస్తుంది. కానీ వడ్డీలెక్క గారూ, మీ పేరుకు తగ్గ ప్రశ్న: పది నెలలు కట్టి నీరసించాడన్నారు, ఎంత కట్టాడు?

వడ్డీలెక్క:
అడిగారు కనుక చెప్పక తప్పదు. నెలకు నూటికి రెండు వడ్డీ అనుకోండి. నూరు తెచ్చి అసలు పదో నెల చివర ఒక్కసారే తీరిస్తే నెలకు 2 చొప్పున వడ్డీ 20, మొత్తం 120. అదే అసలు నెలకు 10 చొప్పున తీరుస్తూ మిగిలినదానిమీదే వడ్డీ కడితే, 100, 90, 80 ఇలా దిగుతూ 10 వరకు, అన్నీ కలిపి 550. దానిమీద నూటికి రెండంటే 11, మొత్తం 111. తీర్చే పద్ధతి మారితే వడ్డీ దాదాపు సగమవుతుంది. చాలామంది మోసపోయేది ఇంకోచోట: నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి నూరుమీదే లాగేవారుంటారు. అప్పుడు 111 కాదు, 120 కడతారు. కాగితంమీద ‘మిగిలిన అసలుపై’ అన్న మాట ఉందా లేదా చూసుకోవాలి.

ఇంకోటి. కానుక కోసం తెచ్చిన అప్పు కానుకతో ఆగదు. దారిఖర్చు, బట్టలు, పోయిన పనిదినాల కూలి, వీటిముందు కానుకే చిన్నది. అద్దె, మందులు, పిల్లల చదువు, పాత వాయిదా ముందు తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లోంచి ఈ పెండ్లి ఖర్చులు నాలుగూ కలిపి లెక్క వేయాలి. చాలామంది కానుక ఒక్కటే లెక్కేసి, దారిఖర్చు దగ్గర మందుల డబ్బు ముట్టుకుంటారు.

మౌనముద్ర:
పద్యం నాలుగు పాదాలు, వ్యాఖ్యానం నలభై. భాష్యకారుడు పుట్టాడు.

గురులఘువు:
సరే, నేనూ ఒకటి విసురుతాను. అప్పూ వద్దు, ఏడుపూ వద్దు:

పెండ్లి పిలుపు నాడె పెనఁగొన్న యిబ్బంది
ముందె చెప్పుకొన్న ముచ్చట తీరు
చెలిమి కింతకన్న సిరి వేఱె యుండునే
చేతఁ గాసు లేమి శ్రేయ మొసఁగె

యతిమైత్రి:
ముచ్చట తీరింది! నాకు. మాస్టారూ, రెండో పాదం వేళ్ళమీద లెక్కపెట్టండి. ముందె, చెప్పు, కొన్న, ముచ్చ... ఆపైన ‘ట తీరు’. సూర్యగణం (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు) ఉండాల్సినచోట జగణం (లఘువు-గురువు-లఘువు) కాపురం పెట్టింది. వేమన్నకు వేల పద్యాలు కట్టిపెట్టిన ఛందస్సు, అందులోనా గణభంగం?

గురులఘువు:
ఒప్పుకున్నాను. ‘ముచ్చ టగును’ అని దిద్దుకోండి. ఒక్క ‘ట’ జారింది.

యతిమైత్రి:
ఒక్క ‘ట’నా? పోయిన నెల తేటగీతిలో ‘కలిమి’కి ‘మేలు’తో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలను కలపడం) వేసినప్పుడూ ఇదే మాట. ప్రాస లకారమే, కానీ ముందక్షరం ఒకచోట లఘువు, ఒకచోట గురువు. ప్రాసయతికి అది కుదరదని చెప్పినందుకు నన్ను ‘సూదికన్ను’ అన్నారు.

గురులఘువు:
సూదికన్ను అన్నది పొగడ్త. అదే సమస్యలో ‘పెండ్లిగృహము’ అని వైరిసమాసం (తెలుగు మాటకు సంస్కృతం మాట అతికిన సమాసం) కట్టి, ‘వాడుకలో ఉంది’ అని వాదించింది ఎవరు? నా ‘ట’ దిద్దుకుంటే పోతుంది, ఆ గృహం కూలిస్తే పాదమే పోతుంది.

నిర్వాహకుడు:
పాత గృహాలు కూల్చడానికి వేరే చోటుంది. పద్యం భావం మీద ఎవరైనా మాట్లాడతారా?

వడ్డీలెక్క:
‘పిలుపు నాడె’ అన్న మాట బంగారం. ఈ పద్యంలో పని చేసేది అదొక్కటే. ఇబ్బంది చెప్పడానికి ఒక వేళ ఉంటుంది: స్నేహితులు కలిసి కానుక చందా వేసుకోవడానికి ముందు, బండిలో సీట్లు మాట్లాడుకోవడానికి ముందు. తరువాత చెబితే ఆ భారం మిగతావాళ్ళమీద పడుతుంది. ఆరుగురు కలిసి కానుక అనుకుని ఒకడు జారుకుంటే ఒక్కొక్కరి వాటా అయిదో వంతు పెరుగుతుంది: 100 ఇవ్వాల్సినవాడు 120 ఇవ్వాలి. అలా పెరిగిన 20 నుంచే గొడవలు మొదలవుతాయి. చందా మొదలెట్టేటప్పుడే ‘మనిషికి ఇంత, అంతకు మించదు, ఎవరైనా తగ్గితే కానుకే చిన్నదవుతుంది’ అని రాసుకుంటే ఆ గొడవ ఉండదు.

చెప్పే తీరూ ఉంది. ‘చూద్దాంలే’ అంటే మిత్రుడు వస్తాడనే లెక్కలో వేసుకుంటాడు. ‘నేను ఒక్కడినే వస్తాను, ఒక్కపూట ఉంటాను, కానుక ఇప్పుడు కాదు, లెక్కల పుస్తకం నాది’ అంటే ఇద్దరికీ తేలిక. ఇంటి బాధలన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు, పెండ్లి పనుల్లో ఉన్నవాడికి అదొక బరువు. ‘పెనఁగొన్న యిబ్బంది’ అని రెండు మాటల్లో తేల్చడం అందుకే నచ్చింది.

గురులఘువు:
చూశారా యతిమైత్రి గారూ? ‘ట’ పోయినా పద్యం నిలబడింది.

యతిమైత్రి:
వడ్డీలెక్క గారు ఊతకర్ర ఇస్తే నిలబడింది.

మౌనముద్ర:
అందరూ అతిథి చేతినే చూస్తున్నారు. పెండ్లికొడుకు చెయ్యి సంగతేమిటి?

వంద మంది చాలు వైభవం బేలన్న
వరుని మాట విన్న బంధుగణము
తేలికైన దనుచు దీవించె నతనిదౌ
చేతఁ గాసు లేమి శ్రేయ మొసఁగె

నిర్వాహకుడు:
సెహబాష్! చెయ్యి మార్చేశారు. వరుడికే డబ్బు లేకపోతే వచ్చేవాళ్ళందరికీ ఊపిరి ఆడుతుంది. కాసులు+ఏమి విరుపు తరువాత ఇక మలుపు ఉండదనుకున్నాను.

అరసున్న:
మలుపు గొప్పదే. కానీ ‘అతనిదౌ చేత’ కుంటుతోంది. ‘అతని చేత’ అంటాం, ‘అతనిదౌ చేత’ ఎవరంటారు? గణం కోసం అతికిన ‘దౌ’ అది.

గురులఘువు:
‘దీవించె మిత్రుని’ అనండి. పాదం చివర ‘మిత్రుని’ దీవించె వైపు కర్మ (మిత్రుని దీవించె), చేత వైపు షష్ఠి (మిత్రుని చేత). గడపమీద దీపంలా లోపలికీ బయటికీ వెలుగు.

తేలికైన దనుచు దీవించె మిత్రుని
చేతఁ గాసు లేమి శ్రేయ మొసఁగె

యతిమైత్రి:
ఒక్క మాటకు రెండు జీతాలు. ఇది బాగుంది. ఇది మాత్రం.

మౌనముద్ర:
శిరసావహించాను మాస్టారూ. ‘దౌ’ తీసేశాను.

వడ్డీలెక్క:
వంద మందికి కుదిస్తే ఖర్చు అదే నిష్పత్తిలో తగ్గుతుందని మాత్రం అనుకోకండి. రెండు వందలు వందయితే తలకింత అన్నవి సగమవుతాయి. హాలు అద్దె, దీపాలు, ఫొటోలవాడు, వీటికి తలలతో పని లేదు, అవి తగ్గవు. చిన్న హాలుకు మారితేనే ఆ వరుడి మాటకు బలం. హాలు ముందే మాట్లాడేసి తరువాత పిలుపులు తగ్గిస్తే మిగిలేది చుట్టాల కోపమే.

కొత్తకలం:
నా పద్యం దిద్దాను. ‘మేను’ తీసేశాను, కర్తను తెచ్చాను, ‘లెక్క’ కూడా పెట్టాను:

మిత్రు పెండ్లి వేళ మేలైన లెక్కలు
పట్టి వ్రాసి యొకఁడు భార మాపె

అరసున్న:
‘లెక్కలు పట్టి’ అంటే ఒకరి తప్పు పట్టినట్టుంది. ‘ప్రతిది వ్రాసి’ అను. ‘ప్ర’కు ‘భా’తో మైత్రి, గణం మూడు లఘువులు. ‘లెక్కలు’ చివర ‘లు’ ఊదబడుతుందేమోనని మళ్ళీ అడగకు.

కొత్తకలం:
అడగబోతున్నానండీ.