‘ఠావుల్ దప్పెను’: ఠా నా, తా నా?

మాచిపత్రి: మా బావగారు బండి మీంచి పడి చెంప ఎముక విరగ్గొట్టుకున్నారు. మర్నాడు ముక్కు గట్టిగా చీదగానే కన్ను మూసుకుపోయేంతగా మొహం పొంగింది. నొక్కితే చర్మం కింద చిటపట. సీటీ చూసి డాక్టరు, ‘సైనస్ గోడ పగిలి గాలి బయటికొచ్చింది. అరుదుగా మెడలోంచి ఛాతీ మధ్యకీ దిగుతుంది’ అన్నారు. అప్పట్నుంచీ గజేంద్రుడే బుర్రలో తిరుగుతున్నాడు. పోతన గజేంద్రమోక్షంలోని ‘లావొక్కింతయు’ పద్యంలో ‘ప్రాణంబులున్ తావుల్ దప్పెను’ (ప్రాణాలు చోటు తప్పాయి) అని నాకు గుర్తు, పుస్తకంలో ‘ఠావుల్’. ఏది సరి? ఆ ప్రాణాలు వాయువులేనా?

గట్టుమీది మర్రి: యతి చూడండి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన అక్షరం. శార్దూల వృత్తంలో అది పదమూడోది, ఇక్కడ ‘డస్సెన్’లో డ. ఠ, డ ఒకే వర్గం. తా పెడితే యతి చెల్లదు.

కలంపోటు: యతి సరేనండీ. అర్థం మారదుగా! నా లెక్కలో ఆ ఒత్తు కావాలనే వేశాడు పోతన. ‘తా’లో ఆ ఊపిరాడనితనం ఏదీ?

గట్టుమీది మర్రి: యతి కోసం వేసినదానికి ఊపిరి అంటగడతారేం?

సన్నజాజి: వాయువులు కావు. పోయేది ఒక్కరిదైనా ‘ప్రాణాలు పోయాయి’ అనే అంటాం. అది తెలుగు వాడుక.

కలంపోటు: ఆ బహువచనమే పంచప్రాణాల నుంచి వచ్చిందంటాను. వాటికి తోడు ఉపప్రాణాలనే చిన్న వాయువులు కూడా ఉన్నాయి. అందులో కృకరం పని తుమ్మించడం. బావగారి కేసు అదే!

గట్టుమీది మర్రి: కృకరాన్ని ‘క్షుత్కరః’ (క్షుత్తు కలిగించేది) అన్నచోట క్షుత్తు ఆకలని కదా వేదాంతులు చెప్పేది?

చెవిముక్కుగొంతు: కృకరం ఏం చేసినా, తుమ్మొస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మమనండి. ముక్కు చీదొద్దు. డాక్టరు సరేననేదాకా విమానం ఎక్కొద్దు. చాలామందిలో ఆ గాలి కొద్దిరోజుల్లో దానంతటదే ఇంకిపోతుంది. చూపు మసకబారినా, కంటినొప్పి పెరిగినా, ఛాతీ నొప్పీ ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే ఆస్పత్రికి. నుదుటి ఎముక పగిలితే గాలి పుర్రెలోకీ చేరొచ్చు.

మాచిపత్రి: చెప్తానండీ, థాంక్స్. నిన్నటికి వాపు తగ్గింది. ఇంతకీ వాయువులా, కావా?

కలంపోటు: క్షుత్తుకి తుమ్మనే అర్థమూ ఉంది. నిఘంటువు తీయండి మర్రిగారూ.

గట్టుమీది మర్రి: తీశాను. రెండూ ఉన్నాయి. అయినా వేదాంతంలో ఆకలే.

సన్నజాజి: ఎవరూ అడక్కముందే చెప్తున్నా, ‘లావొక్కింతయు’లో లావంటే బలం. మొన్నొకాయన ఏనుగు చిక్కిపోయిందని రాశాడు.