హడ్జా భాషలో లింగం, వచనం: తెలిసినవారు వివరించగలరు

భాషాభిమాని:
ఉత్తర టాంజానియాలోని ఇయాసీ సరస్సు పరిసరాల్లో వేట మీద, దుంపలూ తేనే సేకరణ మీద ఆధారపడి జీవించే హడ్జా ప్రజల భాషలో, మనం జాలిపడినప్పుడు నాలుకతో చప్పరించే శబ్దం వంటివి మామూలు హల్లులుగా వస్తాయని చదివాను. అటువంటి హల్లులే ఉన్న, ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని శాన్ ప్రజల భాషలకు ఇది బంధువేనా? దీని లింగవచనాల పద్ధతి ఎటువంటిది?

అక్షరయాత్రి:
బంధుత్వం రుజువు కాలేదు. అమెరికన్ భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ వీటన్నిటినీ ఖోయిసాన్ అనే ఒకే కుటుంబంలో చేర్చారు గాని, తరువాతి పరిశోధకుల్లో చాలామంది హడ్జాను ఏ కుటుంబానికీ చెందని భాషగానే పరిగణిస్తున్నారు. దక్షిణాఫ్రికాలోని జులూ, ఖోసా భాషలు బంటూ అనే వేరే పెద్ద ఆఫ్రికా భాషాకుటుంబానివే అయినా, పొరుగువారి నుంచి వచ్చిన ఈ హల్లులు వాటిలోనూ ఉన్నాయి. కాబట్టి ధ్వనులను బట్టి చుట్టరికం కలపలేము.

పదకోశం:
భాషాభిమాని గారూ, లింగవచనాల సంగతి నేను చెబుతాను. హడ్జాలో పుంలింగ ఏకవచనానికి ప్రత్యయం ఉండదు. స్త్రీలింగ ఏకవచనానికి 'కో', పుంలింగ బహువచనానికి 'బీ', స్త్రీలింగ బహువచనానికి 'బే' చేరతాయి. ఆడామగా కలిసిన గుంపును స్త్రీలింగ బహువచనంలోనే చెబుతారు కనుక, ఆ ప్రజలందరినీ కలిపి 'హడ్జాబే' అంటారు. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది, ఈ లింగభేదం ఆకారాన్ని కూడా తెలపడం. మామూలుగా స్త్రీలింగమైన పదాన్ని, ఆ వస్తువు మరీ సన్నగా ఉంటే పుంలింగంలో వాడతారు. పుంలింగ పదమైతే, ఆ వస్తువు బాగా గుండ్రంగా ఉన్నప్పుడు స్త్రీలింగమవుతుంది. తీగ పుంలింగం, దాని కింద ఊరే దుంప స్త్రీలింగం. 'అతి' అంటే వాన, 'అతికో' అంటే ఊట, 'అతిబీ' అంటే నీళ్ళు. మనం 'నీళ్ళు వచ్చాయి' అన్నట్టే వారికీ అది బహువచనమే. జీబ్రాను 'దొంగోకో' అంటారు గాని, వేటలో పడిన జీబ్రాను చూపేటప్పుడు 'హంతయీ' అంటారు. ఇది నామవాచకంలా కనిపించినా, నిజానికి ఎదుటివారిని ఉద్దేశించి పలికే విధ్యర్థక క్రియారూపం, అంటే 'చేయి', 'రా' వంటి ఆజ్ఞారూపం.

భాషాభిమాని:
ఎంతో స్పష్టంగా వివరించారు, ధన్యవాదాలు. ఈ భాష ఇంకా పిల్లలకు అందుతోందా?

అక్షరయాత్రి:
అందుతోంది. మాట్లాడేవారు సుమారు వెయ్యిమందే అయినా, పిల్లలు ఇళ్ళలో దీన్నే నేర్చుకుంటున్నారు. చదువు మాత్రం స్వాహిలీలో సాగుతుంది. చుట్టూ ఇరాకు, దతోగ, సుకుమ వంటి పెద్ద భాషలు ఉన్నాయి. ఒకటి, రెండు అనే అంకెలకు సొంత మాటలున్నా, మూడు దతోగ నుంచి, నాలుగు, అయిదు సుకుమ నుంచి వచ్చాయి. పశువుల కాపరులూ రైతులూ ఆక్రమించుకోగా వేటభూములు తగ్గిపోవడమే నాకు పెద్ద ప్రమాదంగా కనిపిస్తోంది, ఎందుకంటే ఆ పిల్లలు తీగల పేర్లూ దుంపల పేర్లూ నేర్చుకునేది పెద్దల వెంట అడవిలో తిరుగుతూనే.