బెలూం గుహల పాఠంలో వాషింగ్ సోడా ప్రయోగం ఉంచాలా, తీసేయాలా?

కొండారెడ్డి బురుజు: కర్నూలులో ఒక భూగర్భ శాస్త్రవేత్త ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పుస్తకం రాస్తున్నారు. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహల మీద ఒక అధ్యాయం. చివర ప్రయోగం: రెండు గ్లాసుల వేడినీళ్లలో కరిగినంత వాషింగ్ సోడా, మధ్యలో ప్లేటు, రెండు గ్లాసుల్లోనూ కొసలు ముంచిన ఊలు దారం. దారం నడుమ చుక్కలు కారి, గుహ కప్పు నుంచి వేలాడే రాతికడ్డీల్లాంటి కడ్డీ కడుతుంది. కింద ‘గుహలోనూ ఇదే జరుగుతుంది’ అని రాశారు. మీరేమంటారు?

నాపరాయి: తీసేయాలి. గ్లాసుల దగ్గర నీళ్లు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది, అంతే. గుహలో జరిగేది వేరు. వాననీళ్లు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని సున్నపురాయిని బైకార్బనేట్‌గా కరిగించుకుంటాయి. గుహ కప్పు దగ్గర ఆ గ్యాస్ వదిలేయగానే కాల్షియం కార్బనేట్ పేరుకుంటుంది. బెలూం లోపలికి దిగితే చొక్కా తడిసిపోయే ఉక్క. అంత తేమలో నీళ్లు ఆరేదెంత?

ఊలుదారం: ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే సరిపోతాది గదా సార్, ప్రయోగమెందుకు తీసేది? చుక్క వెంట చుక్క పడి ఆకారం ఎట్లా వస్తాదో చూపించేదానికి ఇంత సులువైంది లేదు. చెడేది వేరే కారణాలకు. వాషింగ్ సోడా బదులు వంటసోడా వేస్తారు. అది మామూలు నీళ్లలో 100 మి.లీ.కి సుమారు 10 గ్రాములే కరుగుతాది. దారం నడుమ భాగం గ్లాసులోని నీటిమట్టానికి రవ్వంత కిందికి వేలాడాల. పైనుంటే చుక్కే పడదు, మరీ దిగితే సోడానీళ్లన్నీ ప్లేట్లోకి వచ్చేస్తాయి. మే నెల ఎండలో అయితే గ్లాసు అంచు దగ్గరే దారం ఉప్పుకట్టి ఆగిపోతాది. నీడలో, ఫ్యాను గాలి తగలని చోట పెట్టాల.

నాపరాయి: అసలు రసాయనమే చూపించొచ్చు కదండీ. ఒక చెంచా తాంబూలం సున్నం లీటరు నీళ్లలో కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పైన తేరిన సున్నపుతేట ఒక వంతుకు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ (యాసిడ్ కాదు) మూడు వంతులు కలపండి. మన బోరునీళ్లు వద్దు. వాటిలో ముందే బైకార్బనేట్ ఉంటుంది, కలపగానే తెల్లబడిపోతుంది. వెనిగర్, వంటసోడా కలిపిన సీసా నుంచి గొట్టంతో గ్యాస్ పంపితే తేట పాలలా అవుతుంది. ఇంకా పంపుతూ పోతే మళ్లీ తేటబడుతుంది. దాన్ని మరిగిస్తే తిరిగి మసక. కరగడం, పేరుకోవడం రెండూ కళ్ల ముందే. నీళ్లు తగ్గించి చిక్కటి తేట వాడితే మాత్రం రెండో దశ రాదు, అంత కార్బనేట్‌ను ఆ నీళ్లు కరిగించుకోలేవు. నోటితో ఊదినా అంతే, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతమే.

చాక్‌పీస్: ఆరో తరగతి పిల్లల చేతికి సున్నం, స్టవ్వు రెండూనా? సున్నం కంట్లో పడితే ఎంత ప్రమాదం! ఇంట్లో తడిసున్నం లేక ఎవరైనా కాల్చిన సున్నపురాయి నీళ్లలో వేస్తే కుతకుత ఉడికి మీదికి చిమ్ముతుంది. ఆ పేజీలో ‘టీచరు చేసి చూపాలి’ అని ఉండాల్సిందే. పిల్లలు చేయడానికి నాపబండ ముక్క చాలు, అదీ సున్నపురాయే. మేకుతో గీకి, రాలిన పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుస నురగొస్తుంది. పక్కనే గ్రానైట్ ముక్క మీద వేస్తే ఏమీ రాదు. మన ఇళ్లలో నాపబండల మీద నిమ్మరసం పడితే మచ్చ పోనిది ఇందుకే.

ఊలుదారం: అది కరిగేదే చూపిస్తాది, కట్టేది యాడ? సోడా ప్రయోగం ఉంచి, ‘ఆకారం మాత్రమే ఇట్లా, కారణం వేరు’ అని కింద రాస్తే పోలా?

నాపరాయి: పిల్లలు బొమ్మ చూస్తారు గానీ, కింద చిన్నక్షరాలు ఎవరు చదువుతారండీ? రాసేటట్లయితే బొమ్మలోనే, దారం పక్కన రాయాలి.