పక్షవాతం తర్వాత నాన్న భుజం నొప్పి: చెయ్యి కదపాలా, వద్దా?

ప్రశ్న:
నాన్నకు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు కానీ చెయ్యి మాత్రం వేలాడుతూనే ఉంది. ఈమధ్య చొక్కా తొడుగుతుంటే నొప్పికి అరుస్తున్నారు, రాత్రి పక్కకు తిరిగితే మెలకువ వచ్చేస్తోంది. భుజం చివర వేలు పెడితే చిన్న గుంట తగులుతోంది. ఒకరు చెయ్యి రోజూ తల పైకి ఎత్తించమంటారు, ఇంకొకరు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) తీయనే వద్దంటారు. ఎవరి మాట వినాలి? కుడి చేత్తో మళ్ళీ సంతకం పెట్టాలని ఆయన కోరిక.

జవాబు 1:
నేను ఫిజియోథెరపిస్ట్‌నండి. భుజం కీలును పట్టి ఉంచేవి ముఖ్యంగా కండరాలే. అవి చచ్చుబడితే చేతి బరువుకి ఎముక కిందికి జారి ఆ గుంట వస్తుంది, సబ్‌లక్సేషన్ అంటాం. గుంట ఉన్నవాళ్ళందరికీ నొప్పి రాదు. కండరాలు బిగుసుకోవడం, కీలు పట్టేయడం కూడా కారణం కావచ్చు, కాబట్టి ఒకసారి పరీక్ష చేయించండి.

చెయ్యి కదపాలి, కానీ మీ అంతట మీరు భుజం ఎత్తు దాటించొద్దు. చేతితో పాటు వెనకున్న రెక్క ఎముక కూడా తిరగాలి. అది తిరగకుండా చేతినే లాగితే కీలు లోపలి మెత్తటి భాగం నలిగిపోతుంది. కప్పీ తాడుతో పైకి లాగే వ్యాయామం వద్దు. స్లింగ్ నిలబడినప్పుడు, నడిచేటప్పుడు చాలు. రోజంతా వేస్తే మోచెయ్యి మడతలోనే బిగుసుకుపోతుంది.

జవాబు 2:
నాకు ఎడమ చెయ్యి పడిపోయింది, అందుకే రాస్తున్నాను. నొప్పి ఎక్కువగా వచ్చింది వ్యాయామం వల్ల కాదు, నన్ను లేపేవాళ్ళ వల్ల. ప్రేమగానే చంకలో చెయ్యి వేసి లాగేవారు. దయచేసి నడుము దగ్గర పట్టుకుని లేపండి. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. ఈ ఒక్క మార్పుతోనే మా ఇంట్లో అరుపులు చాలా తగ్గాయి. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు ఉండాలి, ఒళ్ళో జారిపోకూడదు. స్పర్శ తగ్గి ఉంటే వేడి కాపడం పెట్టకండి, కాలినా తెలియదు.

చేతిని మాత్రం పక్కన పెట్టేయకండి. బల్ల మీద పెట్టి, బాగున్న చెయ్యి సాయంతో గుడ్డను ముందుకీ వెనక్కీ జరిపేవాణ్ణి. ఇప్పుడు నా ఎడమ చెయ్యి కాగితం కదలకుండా పట్టుకుంటుంది, డబ్బా అదిమి పట్టుకుంటుంది. బొత్తాలు ఇంకా రావు. నాన్నగారికి వేళ్ళు కొద్దిగా విప్పడం వస్తోందా? వస్తుంటే అది చాలా మంచి సంగతి, రోజూ దానితోనే పని చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
బొటనవేలు, చూపుడువేలు కాస్త విప్పుతున్నారండి! కానీ అరచేయి వెనక వాపు ఉంది, వేడిగా, ఎర్రగా ఉంది. అది మామూలేనా?

జవాబు 1:
చెయ్యి వేలాడి కూడా వాపు రావచ్చు. కానీ భుజం నొప్పితో పాటు చెయ్యి వేడిగా, ఎర్రగా ఉంటే షోల్డర్ హ్యాండ్ సిండ్రోమ్ (పక్షవాతం తర్వాత భుజం నొప్పితో పాటు చెయ్యి వాచే సమస్య) కావచ్చు, రక్తం గడ్డకట్టడమో ఇన్ఫెక్షనో కూడా కావచ్చు. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఈరోజే డాక్టర్‌కు చూపించండి. అప్పటిదాకా చెయ్యి దిండు మీద కాస్త ఎత్తులో ఉంచండి, మసాజ్ చేయకండి. భుజం నొప్పికి కారణం కండరాల బిగుతే అని తేలితే, ఆ కండరాలను వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి కూడా అడగండి.