ఐర్లండ్ కౌలు పోరాటాల కథలు: ఏది ఎప్పటిదో తేల్చేదెలా?

తార్నాక పాఠకుడు:
1937-39లో ఐర్లండ్ బడిపిల్లలు ఊరి పెద్దల నోట విని రాసిన కథలు దూఖస్ అనే ఐర్లండ్ జానపద సేకరణ సైటులో ఉన్నాయి. హైదరాబాద్‌లో మా చదువరుల బృందం వాటిని తెలంగాణ రైతాంగ పోరాట జ్ఞాపకాల పక్కన పెట్టి చదువుతోంది. రెండు సందేహాలు. ‘గేల్’ కట్టలేదని ఇల్లు ఖాళీ చేయించారంటారు, గేల్ అంటే గాలివాన కాదా? ఏడాది చెప్పని కథను ఏ కాలానిదని రాసుకోవాలి?

కిస్తుబందీ:
గాలివాన కాదండీ, ఆర్నెల్ల కౌలు కిస్తు. ఎక్కువగా మే, నవంబరుల్లో కట్టేవాళ్లు. కొత్త కౌలుదారు మొదటి కిస్తును ఆర్నెల్లు ఆగి కట్టొచ్చు. దాన్ని ‘హ్యాంగింగ్ గేల్’ అనేవాళ్లు. చూడ్డానికి దయలా ఉంటుంది కానీ అసలు ఉచ్చు అదే. ఏడాది కౌలు బాకీ పడితే కోర్టుకెళ్లి ఖాళీ చేయించే వీలుంది. సగం బాకీ ముందునుంచీ నెత్తిమీదే ఉంటుంది కాబట్టి ఇంకొక్క కిస్తు తప్పితే చాలు.

శివారు లెక్క:
ఏడాది కోసం కాదు, చోటు కోసం వెతకండి. కథలో టౌన్‌ల్యాండ్ పేరు ఉంటుంది, మన శివారు లాంటిది. దాన్ని గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో (1847-64, పన్ను వేయడానికి భూములకు, ఇళ్లకు విలువ కట్టిన సర్వే) చూస్తే సాగుదారు, భూమి ఇచ్చినవాడు, విస్తీర్ణం, విలువ దొరుకుతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఆ విలువ కౌలు కాదు. అసలు కౌలు తరచు అంతకన్నా ఎక్కువ. అందుకే 1880లో రైతులు ‘గ్రిఫిత్ లెక్కే కడతాం’ అని పట్టుబట్టారు. భూస్వామి పేరు కలవకపోతే కథ అబద్ధమనుకోకండి. రికార్డులో ఉన్నది మధ్య దళారీ కావచ్చు, 1849 తర్వాత అప్పులపాలైన ఎస్టేట్ల అమ్మకాల్లో చేతులు మారి ఉండొచ్చు.

కాలానికి గుర్తు పనిముట్లు. ఇళ్లు కూల్చే గునపాల ముఠా వస్తే తరచు 1840ల చివరి మహాకరువు రోజులు. ముక్కాలి చట్రానికి వేలాడదీసిన దూలంతో గోడ కూల్చారంటే 1880ల చివర.

మేయో బాట:
బాయ్‌కాట్‌ను ‘వెలివేత’ అని మాత్రం అనువదించకండి. మన ఊళ్లలో వెలి వేసేది బలవంతులు. 1880లో పశ్చిమ ఐర్లండ్ మేయో జిల్లాలో వెలి పడింది ఎర్న్ ప్రభువు ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్‌కి, వేసింది కౌలుదార్లు. కమ్మరి, బట్టలుతికే మనిషి, ఉత్తరాలు తెచ్చే కుర్రాడు కూడా మానేశారు. పంట తీయడానికి సైన్యం కాపలాతో బయటి జిల్లాల నుంచి యాభైమందిని తేవాల్సొచ్చింది.

కిస్తుబందీ:
బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటు కథలు వేరే దస్త్రంలో పెట్టండి. ‘క్రాపీ’ అని ఉంటే అవే. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న తిరుగుబాటుదారు అని, మన క్రాపు మాటే. వాళ్లు తిండికి జేబుల్లో బార్లీ పోసుకుని తిరిగేవాళ్లనీ, పాతిపెట్టిన చోట ఆ గింజలే మొలకెత్తాయనీ చెప్పుకుంటారు. అలాంటి కథలో కౌలు ప్రస్తావన లేకపోయినా పక్కన పడేయొద్దు, సమాధి ఉన్న చోటు పేరు తప్పక రాసుకోండి.