చెరకు తోట పాటలో వచ్చింది ఒకరా, అందరా?

ప్రశ్న: హవాయి చెరకు తోటల్లో జపాను స్త్రీలు పాడుకొన్న హోలెహోలె బుషి (చెరకు ఎండుటాకు ఒలిచే పనిపాట) పదాల్లో ఒకటి నన్ను వదలడం లేదు: ‘హవయి హవయి తొ / యుమె మితె కిత గ / నగసు నమిద మొ / కిబి నొ నక’. హవాయి హవాయి అంటూ కలగని వస్తే, కార్చే కన్నీళ్లూ చెరకులోనే. మూడో పాదం చివరి ‘మొ’ అంటే ‘కూడా’. 1908 తర్వాత, ఫోటో చూసి కుదిరిన పెళ్లికి హొనొలులులో దిగిన వధువు గురించి రాస్తున్న చారిత్రక నవలలో దీన్ని ఆమె నోట పలికించాలి. రావడాన్ని చెప్పే ‘కిత’ అనే క్రియకు పురుషా లేదు, వచనమూ లేదు, తెలుగులో వచ్చాను, వచ్చాము అన్న రెండిటిలో ఒకటి తప్పదు. ఏది?

జవాబు: ‘వచ్చాము’. ఎండుటాకు ఒలిచే ముఠా అంతా కలిసి పాడుకొన్న పదాన్ని ఒక్క ఆమెకే కట్టబెడితే అది భావకవిత్వం అయిపోతుంది.

మరొకరు: ఒప్పుకోను. జపాను కూలీలను హవాయికి తెచ్చిన 1885 ఒప్పందంలోనే మగవాడికి నెలకు 9 డాలర్లు, ఆడమనిషికి 6 అని జమకట్టారు. తర్వాత నంబరు బిళ్ళ ఇచ్చి, పేరుకు బదులు ఆ అంకెతో పిలిచారు. మనిషిని ముఠాలో కలిపేసింది యాజమాన్యం. నవలాకారుడూ అదే చేయాలా?

ఇంకొకరు: ఇది అర్థంతో తేలదు. పాట పాదాలకు 7, 7, 7, 5 మాత్రలు. గురజాడ ముత్యాల సరంలోనూ 14 మాత్రల పాదాలు మూడు, చివరిది కురచ కావచ్చు, నడక 3+4. ఆ ఛందస్సులో పెట్టండి, క్రియ తానే కుదురుకొంటుంది. వయసు దాచే పాత ఫోటోలు పంపిన వరుళ్ల కథ, పూర్ణమ్మను సృష్టించిన కవికి దొరికి ఉంటేనా!

జవాబు: పూర్ణమ్మ నడిచేది నాలుగేసి మాత్రల మీద, అది ముత్యాల సరం కాదు. పైగా ఈ పాట రెండో పాదం ‘యుమె మితె / కిత గ’, అంటే 4+3; కల దగ్గరే నడక తిరగబడింది. దాన్ని సరిచేస్తే పాట చెడుతుంది.

మరొకరు: ‘వచ్చిన గాని’ అనండి, వచనం గొడవే ఉండదు.

ఇంకొకరు: మా కరీంనగర్ చెవికి అది ‘నేను వచ్చాను గాని’ అనే వినిపిస్తుంది, పదిమంది అయితే ‘వచ్చినం’ అంటాం. కాబట్టి మీరూ ఏకవచనం పక్షానికే ఓటు వేశారు.

ప్రశ్న అడిగినవారు: ఆ వధువుది హిరోషిమా, ఆమెకు కరీంనగర్ మాట ఇవ్వవచ్చునా అన్నది ఇప్పుడు కొత్త చిక్కు.